బూందీ, కడప బండలు, మూడు నెలల గబ్బు

అక్టోబరు 8, మంగళవారం. గరుడసేవ రోజు. తిరుపతిలో కాపురముండేవాళ్ళకి చెప్పక్కర్లేదు, బ్రహ్మోత్సవాలప్పుడు మన ఇల్లు మనది కాదు. నెల్లూరు నుంచి మా ఆడబిడ్డ, వాళ్ళాయన, ఇద్దరు పిల్లలు ముందురోజు రాత్రే దిగారు. కొండ మీద గరుడసేవ చూసుకుని తెల్లవారుజామున మూడింటికి ఇల్లు చేరారు. హాల్లో దివాన్ మీద నడుం వాల్చిన వదిన పది నిమిషాలకే లేచి కూర్చుంది.

"ఏందిమే, దీని కింద ఎలకేమన్నా చచ్చిందా?"

టార్చి వేసి చూశాను. ఏమీ లేదు. నాకసలు వాసనే రాలేదు. మా ఆయనకీ రాలేదు. వదిన మాత్రం దిండు తీసుకుని వరండాలోకి వెళ్ళి పడుకుంది. అక్టోబరులో, దోమల్లో.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వదిన పెంకితనం చేసే మనిషి కాదు. ఆమెకి వచ్చిన వాసన నాకెందుకు రాలేదు? తర్వాత తెలిసింది, పొద్దస్తమానం ఒకే వాసనలో ఉంటే ముక్కు దాన్ని లెక్కలోంచి తీసేస్తుందట. చేపలమ్మే ఆమెకి చేపల వాసన తెలీనట్టు. అంటే ఎన్ని వారాల నుంచి మా ఇల్లు గబ్బు కొడుతోందో మాకే తెలీదు. వచ్చిన వాళ్ళందరికీ తెలుసు, ఎవరూ అనలేదు.

దోషి ఎవరో తెల్లారాక దొరికాడు. వాడి పేరు బూందీ. మార్చిలో మా అమ్మాయి స్కూలు నుంచి వస్తూ బైరాగిపట్టెడ సందులో అరచేతిలో పట్టేంత పిల్లిపిల్లని ఎత్తుకొచ్చింది. నారింజ రంగు. లడ్డు అని పేరు పెడదామంటే మా అత్త ఒప్పుకోలేదు. "స్వామి ప్రసాదం పేరు పిల్లికి పెడతారా?" అని గట్టిగానే అరిచింది. లడ్డు బూందీగా విడిపోయింది. ఆరు నెలలు వాడి వల్ల ఏ బాధా లేదు, తొట్టెలో పోసిన ఇసుకలోనే పని కానిచ్చి, ముద్దుగా కప్పెట్టి వచ్చేవాడు.

ఆ ఉదయం కాఫీ కలుపుతూ వంటింటి గుమ్మంలోంచి చూశాను. బూందీ దివాన్ దగ్గరికి నడిచాడు, దాని పక్కచెక్కకి వీపు తిప్పి నిలబడ్డాడు, తోక నిట్టనిలువుగా లేపాడు. తోక కొస సన్నగా వణుకుతోంది. వెనక కాళ్ళు అక్కడే తొక్కుతున్నాడు. మూరెడు ఎత్తులో చెక్క మీద సన్నటి ధార. రెండు సెకన్లు, అంతే. తర్వాత ఏమీ ఎరగనట్టు వచ్చి నా కాళ్ళకి రాసుకున్నాడు.

ఇక్కడి నుంచి పన్నెండు రోజులు మేము చేసినవన్నీ తప్పులే. వరసగా చెబుతాను, మీరు చేయకుండా ఉంటారని.

మొదటిది ఫినాయిలు. మా అత్తకి ఫినాయిలు మీద అపారమైన నమ్మకం. రెండు పూటలా కడిగింది. ఇల్లంతా ఆసుపత్రి వాసన, దాని కింద సన్నగా పిల్లి వాసన. రెండోది నిమ్మకాయ, వెనిగర్. ఫోనులో ఏదో వీడియోలో చూసి మా ఆయన కలిపాడు. మాది ముప్పై ఏళ్ళ నాటి ఇల్లు, హాలంతా కడప బండలు. నూనె చెయ్యి తగిలితే నల్లగా నిగనిగలాడే రాళ్ళు. కడప బండ అంటే సున్నపురాయే, పులుపు తగిలితే దాని పైపొర తినేస్తుంది. ఆ మాట మాకు పావుగంట తర్వాత తెలిసింది. తుడిచి చూస్తే నల్ల బండ మీద పళ్ళెమంత తెల్లటి మచ్చ. ఉచ్చ మరక పోయిందో లేదో గాని కొత్త మరక వచ్చింది. ఇది అద్దె ఇల్లు. ఓనరు దగ్గర మా అడ్వాన్సు 40,000 ఉంది. మా ఆయన ఆ మచ్చ మీద చాప పరిచి, రెండు రోజులు దాని గురించి మాట్లాడలేదు.

మూడోది చెప్పడానికి ఇప్పటికీ భయమే. ఎదురింటావిడ చెప్పిందని, బండల మధ్య సందుల్లో బ్లీచింగ్ పౌడరు చల్లి నీళ్ళు పోశాను. నిమిషంలో కళ్ళు మండాయి, గొంతు పట్టేసింది, దగ్గు ఆగలేదు. ఉచ్చలోని అమ్మోనియా, బ్లీచింగ్‌లోని క్లోరిన్ కలిస్తే క్లోరమైన్ అనే విషవాయువు పుడుతుంది. కిటికీలన్నీ తెరిచి, అత్తనీ అమ్మాయినీ మేడ మీదికి తోలి, గంటసేపు ఎవరం లోపలికి రాలేదు. దయచేసి ఈ పని ఎవరూ చేయకండి.

అగరొత్తులు, రూమ్ ఫ్రెషనర్, డబ్బాలో కర్పూరం, వీటి సంగతి వదిలేస్తున్నా. మొత్తం 640 రూపాయలు గాలిలో కలిశాయి.

అక్టోబరు 21 సాయంత్రం అసలు దెబ్బ తగిలింది. నేను ఇంట్లో లెక్కల ట్యూషన్ చెబుతాను. ఐదు నుంచి ఏడున్నర దాకా హాల్లో చాపల మీద పద్నాలుగు మంది పిల్లలు. ఆ రోజు ఒక పిల్లాడి అమ్మ గేటు దగ్గరే నిలబడి, లోపలికి రాకుండా, చాలా మెత్తగా అంది: "ఏమనుకోబాకండి మేడం, పిల్లోడి బట్టలు ఇంటికొచ్చాక ఒకరకంగా వాసనొస్తా ఉండాయి. నెల ఆగి పంపిస్తాలే." ఇంకొకరు చెప్పకుండానే మానేశారు. నెలకి 800 చొప్పున ఇద్దరు పిల్లలు. డబ్బు సంగతి కాదు, సిగ్గుతో చచ్చిపోయాను. పద్దెనిమిదేళ్ళుగా నా ఇంటికి వచ్చిన వాళ్ళందరూ బండలు అద్దంలా ఉంటాయని మెచ్చుకునేవాళ్ళే.

మర్నాడు ఉదయం బూందీని కూరగాయల బుట్టలో పెట్టి, పైన టవలు కట్టి, ఆటోలో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అదృష్టం, 1955 నుంచీ ఊళ్ళోనే కాలేజీ ఉంది. ఆటో అతను దారంతా అద్దంలో చూస్తూనే ఉన్నాడు, బుట్టలోంచి ఆ అరుపులు అలా ఉన్నాయి.

అక్కడ చూసిన పీజీ చదివే అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న: "నిలబడి పోస్తున్నాడా, కూర్చునా?" నిలబడి, తోక లేపి, గోడకో చెక్కకో కొంచెం కొంచెంగా పోస్తే అది హద్దు గీయడం, వయసొచ్చిన మగపిల్లి పని. కూర్చుని పరుపు మీదో నేల మీదో మొత్తం పోస్తే ఇసుక తొట్టె నచ్చకో, భయపడో, మూత్రకోశంలో జబ్బో అయి ఉంటుంది. ఉచ్చ పరీక్ష చేశారు, జబ్బేమీ లేదు. పోతూ పోతూ ఒక మాట రెండుసార్లు చెప్పింది: మగపిల్లి పదే పదే తొట్టెలో కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే తెల్లారేదాకా ఆగొద్దు, నాళం మూసుకుపోయి ప్రాణం మీదికొస్తుంది, వెంటనే తీసుకురావాలి.

ఫినాయిలు మాట చెప్పగానే ఆమె ముఖం మారిపోయింది. ఫినాల్ జాతి మందుల్ని విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువట. తడి నేల మీద నడిచి, ఆ పాదాలు నాక్కుంటే అది నేరుగా ఒంట్లోకే. మా అత్త రెండు పూటలా కడిగిన నేల గుర్తొచ్చి నాకు కడుపులో దేవింది. అత్త బూందీని మందలించడం మానేసింది ఆ రోజు నుంచే.

ఎందుకు ఎంత కడిగినా పోవడం లేదో కూడా ఆమే చెప్పింది. నాకు అర్థమైనంత వరకు ఇదీ: ఉచ్చలో యూరియా నీళ్ళకి కరిగిపోతుంది, కడగకుండా వదిలేస్తే బ్యాక్టీరియా దాన్ని అమ్మోనియా చేస్తుంది. కానీ యూరిక్ యాసిడ్ స్ఫటికాలు నీళ్ళకి సరిగా కరగవు. రాతి రంధ్రాల్లో, సిమెంటు సందుల్లో, ఫోమ్‌లో ఎండిపోయి కూర్చుంటాయి. గాలిలో తేమ పెరిగిందంటే మళ్ళీ లేస్తాయి. పైగా మగపిల్లి ఉచ్చలో ఫెలినైన్ అని గంధకం ఉండే పదార్థం ఒకటి ఉంటుంది, అది పాతబడే కొద్దీ ఘాటు ఎక్కుతుంది. వీటిని కడగడం కాదు, విరగ్గొట్టాలి. దానికి ఎంజైమ్ క్లీనర్ కావాలి. సబ్బు, ఫినాయిలు, డెటాల్ వాడిన చోట ముందు ఉత్త నీళ్ళతో బాగా కడిగి ఆ మందుల్ని పోగొట్టాలి, లేదంటే అవి ఎంజైముల్నీ చంపేస్తాయి.

అదే రోజు ఆన్‌లైన్‌లో రెండు సీసాలు బుక్ చేశాను, అర లీటరు 545 రూపాయలు. దాంతోపాటు 279 రూపాయల నీలం టార్చి, దొంగ నోట్లు చూసేలాంటిది, 395 నానోమీటర్లు అని డబ్బా మీద ఉంది. ఆరు రోజులకి, అక్టోబరు 28న వచ్చాయి.

ఆ రాత్రి పదకొండింటికి లైట్లన్నీ ఆర్పి, కర్టెన్లు వేసి, నేనూ అమ్మాయీ నేల మీద పాకుతూ వెతికాం. ఇది నిజంగా భయమేసే పని. పగలు తళతళలాడే హాలు ఆ వెలుగులో వేరే ఇల్లులా ఉంది. దివాన్ పక్కచెక్క మీద పసుపు పచ్చటి చారలు పైనుంచి కిందికి జారాయి. టీవీ బల్ల కాళ్ళ దగ్గర, తలుపు వెనక గోడ మీద, షూ స్టాండు పక్కన. సుద్దముక్కతో చుట్టూ గీతలు గీసుకుంటూ పోతే పదిహేడు వచ్చాయి. నాకు ఏడుపొచ్చింది.

పొద్దున్నే చూస్తే డైనింగ్ టేబుల్ కింద గీసిన ఆరూ పిల్లివి కావు. పసుపు కూడా ఆ వెలుగులో మెరుస్తుంది. గరుడసేవకొచ్చిన పిల్లలు ఒలకబోసిన సాంబారు. ఇంకో రెండు బట్టల సర్ఫ్ మరకలు, అవి నీలంగా తెల్లగా మెరుస్తాయి. కాబట్టి టార్చి చూపించిన చోటల్లా ముక్కు దగ్గర పెట్టి చూసుకోవాలి. మా ముక్కులు పనికిరావని చెప్పాను కదా. అందుకని ఒక ముక్కుని అద్దెకి తెచ్చుకున్నాను.

ట్యూషన్‌కొచ్చే ఐదో తరగతి బుడ్డోడు ఒకడున్నాడు, మొహమాటం అనేది తెలీదు వాడికి. రోజూ అందరికంటే పది నిమిషాలు ముందొచ్చి, బయటి గాలి పీల్చి, నేను చూపించిన చోట వాసన చూసి పదికి ఎన్నో చెప్పాలి. ఫీజు ఒక ఐదు రూపాయల చాక్లెట్. మొదటి రోజు దివాన్‌కి "తొమ్మిది" అన్నాడు. "పది ఎందుకు కాదురా?" అంటే, "పది మా బాత్‌రూము మేడం" అన్నాడు.

దివాన్ ఫోమ్ నుంచి మొదలుపెట్టాను. మెరూన్ రంగు గవుసు విప్పితే పైన మరక అరచేయంత ఉంది. ఫోమ్ తిరగేస్తే అడుగున అన్నం పళ్ళెమంత. ఉచ్చ లోపలికి దిగే కొద్దీ వెడల్పవుతుంది. అన్నాళ్ళూ నేను పైన అరచేయంత మేర తుడుస్తూ కూర్చున్నాను. ముందు ఉత్త నీళ్ళు పోసి, పాత టవళ్ళు పరిచి పైన నిలబడి తొక్కి, నీళ్ళన్నీ పిండాం. తర్వాత మెడికల్ షాపులో కొన్న 20 మిల్లీలీటర్ల సిరంజితో అంగుళానికొక చోట పొడిచి లోపలికి ఎంజైమ్ ఎక్కించాను. పిల్లలకి టీకాలేసే నర్సమ్మలా ఉన్నావని మా ఆయన నవ్వాడు. దాని మీద ప్లాస్టిక్ కవరు కప్పి ఇరవై నాలుగు గంటలు వదిలేయాలి.

నాకు ఓపిక లేకపోయింది. మర్నాడు ఉదయానికే కవరు తీసి, అమ్మాయి హెయిర్ డ్రయ్యర్ పెట్టి ఆరబెట్టాను. ఎంజైమ్ తడిగా ఉన్నంతసేపే పనిచేస్తుంది, వేడికి చస్తుంది. అర సీసా నా చేతులారా ఆవిరి చేసుకున్నాను. రెండోసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశాను. సీసా మీద రాయని సంగతి ఒకటుంది: రెండో రోజుకి వాసన తగ్గకపోగా పెరుగుతుంది. ఇల్లంతా ముక్కు పగిలే అమ్మోనియా. లోపల విరుగుతున్నప్పుడు అలా వస్తుందని తెలీక సీసా తీసి పారేయబోయాను. మూడో రోజు సద్దుమణిగింది. నీడలో, ఫ్యాను కింద ఆరడానికి ఇంకో నాలుగు రోజులు. నవంబరు 6న బుడ్డోడి మార్కు నాలుగు. పసుపు మరక మాత్రం మిగిలింది. మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ 6 శాతం ఉంటుంది, దానికి సమానంగా నీళ్ళు కలిపి తెల్ల ఫోమ్ మీద అద్దితే పోయింది. అదే ఊపులో మెరూన్ గవుసు మీద కూడా అద్దాను. రూపాయి బిళ్ళంత గులాబీ రంగు. అది ఇప్పటికీ ఉంది, దాని మీద దిండు పెడుతున్నాం.

ఈలోగా దీపావళి. అక్టోబరు 31 సాయంత్రం వీధిలో లక్ష్మీబాంబులు మొదలయ్యేసరికి బూందీ వణికిపోతుంటే, పాపమని అత్త గదిలో పెట్టి తలుపేశాం. ఇసుక తొట్టె బయటే ఉంది. ఆ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. రాత్రి తొమ్మిదిన్నరకి తలుపు తీస్తే వాడు బీరువా మీదున్నాడు, అత్త పరుపు నడిమధ్య పెద్ద తడి.

అది బూరుగు దూది పరుపు. మా అత్త పెళ్ళికి వాళ్ళ నాయన పుత్తూరు దగ్గర సొంత చేలో చెట్టు దూది దించి కుట్టించినది. రెండుసార్లు గవుసు మారింది గాని దూది అదే. ఫోమ్‌లా దీన్ని తడపడానికి లేదు, తడిస్తే ఉండలు కట్టిపోతుంది. రెండు రోజులు మేడ మీద వేశాం, ఎండ ఎక్కడిది, మబ్బు. పరుపులు కుట్టే అతన్ని పిలిస్తే గుమ్మంలోనే వాసన చూసి, "ఇది నా మిషన్లో ఏస్తే మిగతావాళ్ళ దూదంతా పాడైపోతాదమ్మా, పారేయండి" అన్నాడు. తప్పు అతనిది కాదు.

అత్త ఏమీ అనలేదు. కత్తెర తెచ్చుకుని మేడ మీద కూర్చుని కుట్లు విప్పింది. నేనూ కూర్చున్నాను. లోపల పసుపు రంగు చుట్టు ఒకటి, చపాతీ పీటంత, అంచులు గట్టిపడి ఉంది. దాని చుట్టూ చేయి పెట్టి మంచి దూదిని వేరు చేస్తూ పోయింది. గాలికి దూది ఎగిరి మా ఇద్దరి జుట్టులో, కనుబొమ్మల మీద. మధ్యలో ఆగి ఒక పిడికెడు తీసి చూపించింది. తెల్లగా, పట్టులా, అరచేతిలో బరువే లేదు. "మా నాయన చేత్తో గింజ తీసిన దూదిమ్మా" అంది. మూడొంతులు మిగిలింది. ఆ కుట్టే అతనే 500 తీసుకుని దాంతో సన్నటి పరుపు, రెండు దిండ్లు చేసిచ్చాడు.

ఆ రోజే ఇసుక తొట్టెలు మూడు చేశాం. ఒక్క పిల్లికి రెండు ఉండాలని డాక్టరమ్మ చెప్పినా లెక్కచేయలేదు మరి. తొట్టెలు, జల్లించిన ఇసుక కలిపి 360.

నవంబరు 13న మా ఇంటికి దగ్గర్లోని ప్రైవేటు డాక్టరు దగ్గర బూందీకి వృషణాలు తీసేసే ఆపరేషన్ చేయించాం. ఉదయం తీసుకెళ్ళి సాయంత్రం తెచ్చేశాం. పరీక్షలు, మందులు, ఆటోలు, మెడకి కట్టే ప్లాస్టిక్ గొట్టం అన్నీ కలిపి 3,900. చాలా మగపిల్లులు దీంతో ఈ అలవాటు మానేస్తాయి గాని వెంటనే కాదు, ఒంట్లో పాత హార్మోను తగ్గడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు. వాడు ఆఖరిసారి తోక లేపి నిలబడింది డిసెంబరు 2న. గోడకి రాసి పెట్టుకున్నాను.

నవంబరు చివరికి బుడ్డోడి మార్కులు ఒకటి, రెండుకి దిగాయి. మానేసిన పిల్లాడి అమ్మకి ఫోన్ చేద్దామనుకున్నాను. అప్పుడొచ్చింది ఫెంగల్ తుపాను. నవంబరు 30 రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది, మాకిక్కడ వదలకుండా వాన. గోడలు చెమ్మగిల్లాయి, ఉప్పు డబ్బా నీరు కారింది, ఉతికిన బట్టలు మూడు రోజులైనా ఆరలేదు. సోమవారం సాయంత్రం బుడ్డోడు గొడుగు ముడుస్తూ గుమ్మంలోనే ఆగిపోయి "మేడం, ఎనిమిది" అన్నాడు. నేను ఇంకా ఏ చోటూ చూపించలేదు వాడికి.

ఆ రాత్రి నేను ఎవరితోనూ మాట్లాడలేదు. నెలన్నర చాకిరీ. మా ఆయన మెల్లగా "పిల్లిని మా తమ్ముడి తోటలో వదిలేద్దామా?" అన్నాడు. అమ్మాయి పళ్ళెం వదిలేసి లేచిపోయింది. వదిలేది లేదని నేనే అన్నాను, కానీ ఆ మాట అనే ముందు కొంచెంసేపు ఆగాను. అబద్ధం ఎందుకు.

నిజానికి తుపాను మాకు మేలే చేసింది. పొడి వాతావరణంలో దాక్కున్నవి ఆ తేమలో బయటపడ్డాయి. బుడ్డోణ్ణి నేల మీద పాకించాం (రెండు చాక్లెట్లు). రెండు చోట్లు దొరికాయి. ఒకటి టీవీ బల్ల అడుగు. ప్లైవుడ్ అంచుకి లామినేషన్ లేదు, అక్కడ ఉచ్చ పీల్చుకుని పూరీలా ఉబ్బింది. రెండోది బండల మధ్య సందులు. బండ పైన పాలిష్ ఉంటుంది గాని సందులోని సిమెంటు స్పంజి లాంటిది.

ప్లైవుడ్‌కి ఎంజైమ్ పట్టించి, వారం ఆరనిచ్చి, అంచుల నిండా రెండు పూతలు వార్నిష్ వేశాం. లోపల ఏమన్నా మిగిలినా తేమ తగలదు, వాసన బయటికి రాదు. సందులకి మాత్రం మేస్త్రి కావలసి వచ్చింది. డిసెంబరు 14న వచ్చి, దివాన్ కింద నాలుగు బండల చుట్టూ పాత సిమెంటు సన్న ఉలితో గీకి తీశాడు. ఆ సందుల్లో ఎంజైమ్ పోసి తడిగుడ్డ, దాని మీద ప్లాస్టిక్ కప్పి రెండు రోజులు ఉంచాం. మళ్ళీ వచ్చి నల్ల రంగు కలిపిన సిమెంటుతో నింపాడు. రెండు రాకలకీ 700. నిమ్మకాయ మచ్చ చూసి నవ్వి, "వాటర్ పేపరు తెచ్చుకోండి, మీరే చేసుకోవచ్చు" అన్నాడు. 400, 800, 1200 నంబర్ల గరుకు కాగితాలు, నీళ్ళు పోస్తూ ఒకదాని తర్వాత ఒకటి. మా ఆయన రెండు ఆదివారాలు మోకాళ్ళ మీద కూర్చుని రుద్దాడు. చివర్న కొంచెం కొబ్బరినూనె. ఏటవాలు వెలుతురులో చూస్తే తప్ప ఇప్పుడు తెలీదు, ఓనరు ఏటవాలుగా చూడకూడదని కోరుకుంటున్నాం.

తలుపు వెనక గోడ గీకి, ప్రైమర్ వేసి రంగు కొట్టాం, ఇంట్లో మిగిలిన డబ్బా ఉంది. దివాన్ ఫోమ్‌లో ఒక ముక్క ఎంతకీ రెండు కిందికి దిగకపోతే మార్పించేశాను, 850. ఎంజైమ్ సీసాలు మొత్తం నాలుగయ్యాయి. డైరీలో కూడితే, తగలేసిన 640తో కలిపి 9,809. ఇద్దరు పిల్లల ట్యూషన్ మూడు నెలలు వేరే.

జనవరి 11, శనివారం. సంక్రాంతికి ఇల్లు దులిపేశాక చివరి పరీక్ష పెట్టాను. బుడ్డోడు గుమ్మంలో నిలబడి కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చాడు. "గుళ్ళో వాసనొస్తా ఉండాది మేడం." లోపలికి చూస్తే మా అత్త కొంగు చాటున సాంబ్రాణి గిన్నె. పరీక్షలో కాపీ కొట్టినట్టు పట్టుబడిపోయింది. "పిల్లోడు సున్నా చెప్తాడని" అంది. పరీక్ష రద్దు. ఆ రోజు చాక్లెట్ మాత్రం వాడు వదల్లేదు.

ఆదివారం సెలవైనా మళ్ళీ రమ్మన్నాను. ఊదొత్తి కూడా వెలిగించొద్దని ఇంట్లో అందరికీ చెప్పాను. దివాను సున్నా. టీవీ బల్ల సున్నా. బండలకి ముక్కు ఆనించి మరీ చూశాడు, సున్నా. నేను గట్టిగా ఊపిరి పీల్చుకుని ఆ పిల్లాడి అమ్మకి ఫోన్ చేయడానికి ఫోను తీశాను. వాడు చెప్పులేసుకుంటూ వీధి తలుపు దగ్గర ఆగాడు. వంగి, తలుపు కింది చెక్క దగ్గర వాసన చూశాడు.

"ఇక్కడ ఆరు మేడం. కానీ ఇది బూందీది కాదు."

"నీకెట్లా తెలుసురా?"

ప్రహరీ మీదికి వేలు చూపించాడు. అక్కడ ఎండలో ఒక బలిసిన నల్లపిల్లి, సగం చెవి లేదు, మమ్మల్నే చూస్తోంది.

సీసాలో ఇంకా పావువంతు ఉంది. తెచ్చి, కవరు కోసం వంటింట్లోకి వెళ్ళాను.